పాప నిద్ర కోసం ఫోన్‌లో వైట్ నాయిస్ పెడుతున్నారా? ముందు ఆ ఫోన్‌ని రెండు మీటర్ల దూరం జరపండి

రాత్రి ఒకటిన్నర. లాల్ దర్వాజాలోని మా గల్లీలోంచి ఒక బైక్ హారన్ కొట్టుకుంటూ పోయింది. అరగంట భుజం మీద వేసుకుని తిప్పితే అప్పుడే కళ్లు మూసిన మా పాప మళ్లీ ఏడుపు అందుకుంది. అప్పటికి దానికి రెండు నెలలు. రోజూ ఫోన్లు రివ్యూ చేసేవాణ్ణి కదా, చేతికి ముందు తగిలింది ఫోనే. వైట్ నాయిస్ వీడియో ఒకటి పెట్టి, వాల్యూమ్ ఫుల్ చేసి, పాప తల పక్కనే పెట్టేశా. ఐదు నిమిషాల్లో పడుకుంది. సమస్య తీరిపోయిందనుకున్నా.

పొద్దున మా అమ్మ చూసి, "ఏందిరా ఇది? పిల్ల చెవి కాడ గంత సౌండా? నువ్వు పండుతవా గట్ల?" అని అడిగింది. సరే చూద్దామని పాప పడుకున్న చోటే నా చెవి పెట్టా. ఒక్క నిమిషం ఉండలేకపోయా. సౌండ్ మీటర్ యాప్ తెరిస్తే రీడింగ్ 75 దాటింది. ఆ సౌండ్‌ని రాత్రంతా నా కూతురి చెవి పక్కన నడిపానన్నమాట.

అప్పటి నుంచి దీని మీద చదివింది, ఇంట్లో చేసి చూసింది ఇక్కడ రాస్తున్నా. మీకు పిల్లలు లేకపోయినా పర్లేదు. "నీకు ఫోన్ల సంగతి తెలుసు కదా, పాప పడుకోవడానికి మంచి యాప్ ఏదైనా చెప్పురా" అని అక్కో, వదినో అడిగేది మిమ్మల్నే.

అసలు పిల్లలు రాత్రిళ్లు ఎందుకు లేస్తారు?

పుట్టిన కొత్తలో పిల్లలకు పగలు, రాత్రి తేడా తెలియదు. ఒంట్లోని గడియారం కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చిన్న కడుపు కాబట్టి రాత్రిపూట పాల కోసం లేవడం మామూలే. దాన్ని ఏ యాప్ మార్చలేదు, మార్చకూడదు కూడా.

ఇంకో ముఖ్యమైన విషయం. పసిపిల్లల నిద్ర సైకిల్ సుమారు 50 నిమిషాలే. అందులో దాదాపు సగం యాక్టివ్ స్లీప్. అప్పుడు కాళ్లు చేతులు ఆడిస్తారు, మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, కానీ నిద్రలోనే ఉంటారు. మనమేమో లేచిందనుకుని ఎత్తుకుని, నిజంగానే లేపేస్తాం. ఏడుపును గుర్తుపట్టి అలర్ట్ ఇచ్చే ఫీచర్లు ఇప్పుడు ఐఫోన్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ ఉన్నాయి. వినికిడి సమస్య ఉన్న తల్లిదండ్రులకు అవి చాలా ఉపయోగం. మిగతావాళ్లు మాత్రం చిన్న చప్పుడుకల్లా పరిగెత్తకుండా, నిజంగా లేచిందా లేదా అని కాస్త చూసి ఎత్తుకోవడం మంచిది.

వైట్ నాయిస్ ఎలా పనిచేస్తుంది?

పాతబస్తీలో రాత్రి అంటే నిశ్శబ్దం కాదు. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టుపక్కల సెహ్రీ దాకా సందడే. ఆషాఢంలో మా దగ్గర బోనాల డప్పులు. పెళ్లిళ్ల సీజన్‌లో బరాత్, మర్ఫా. తమాషా ఏంటంటే, ఆగకుండా మోగే డప్పుల్లో మా పాప హాయిగా పడుకునేది. గల్లీ అంతా సద్దుమణిగాక ఒక్క షట్టర్ దించిన చప్పుడుకు మాత్రం ఉలిక్కిపడి లేచేది.

కారణం సింపుల్. నిద్ర చెడగొట్టేది ఎక్కువగా సౌండ్ లెవెల్‌లో వచ్చే హఠాత్తు మార్పు. గది చప్పుడుకీ, హారన్‌కీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే లేచే అవకాశం అంత ఎక్కువ. ఒకే తీరుగా సాగే చప్పుడు వెనకాల ఉంటే ఆ తేడా తగ్గుతుంది. దీన్నే మాస్కింగ్ అంటారు.

ఇది ఉత్త నమ్మకం కాదు. 1990లో బ్రిటన్ వైద్య పత్రిక ఒకటి 40 మంది నవజాత శిశువుల మీద చేసిన స్టడీ ప్రచురించింది. వైట్ నాయిస్ విన్నవాళ్లలో 80 శాతం మంది ఐదు నిమిషాల్లో నిద్రపోయారు. విననివాళ్లలో 25 శాతమే. అంటే పనిచేస్తుంది. ప్రశ్నల్లా ఎంత సౌండ్, ఎంత దూరం అనేదే.

ఇంకో మాట. మీ సీలింగ్ ఫ్యాన్ కూడా వైట్ నాయిస్ మెషీన్ లాంటిదే. కరెంటు పోయినప్పుడు పిల్లలు లేచేది ఉక్కపోతకే కాదు, ఆ "గుయ్" మనే చప్పుడు ఆగిపోయినందుకు కూడా.

అసలు ప్రమాదం వాల్యూమ్‌లోనే

2014లో కెనడాలోని టొరంటో పరిశోధకులు పిల్లల నిద్ర కోసం అమ్మే 14 సౌండ్ మెషీన్లను టెస్ట్ చేశారు. ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి 30 సెంటీమీటర్లు, ఒక మీటరు, రెండు మీటర్ల దూరంలో కొలిచారు. ఆసుపత్రి నర్సరీలకు సూచించిన పరిమితి 50 డెసిబెల్స్. 30 సెంటీమీటర్ల దగ్గర అన్ని మెషీన్లూ దాన్ని దాటేశాయి. మూడైతే 85 డెసిబెల్స్ కూడా దాటాయి. ఫ్యాక్టరీల్లో పనిచేసే పెద్దవాళ్లకు ఎనిమిది గంటల పరిమితి అదే.

మెషీన్ మంచిదా, ఫోన్ మంచిదా అన్నది ఇక్కడ పాయింటే కాదు. డెసిబెల్ స్కేల్ ఎలా ఉంటుందో తెలిస్తే అర్థమవుతుంది. పది డెసిబెల్స్ పెరిగితే సౌండ్ ఎనర్జీ పది రెట్లవుతుంది. ఖాళీ మైదానంలో అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కన 30 సెంటీమీటర్ల నుంచి రెండు మీటర్లకు జరిపితే 16 డెసిబెల్స్ దాకా తగ్గాలి. చిన్న గదిలో గోడలు సౌండ్‌ని వెనక్కి కొడతాయి కాబట్టి అంత తగ్గదు. అందుకే దూరం పెంచడంతో పాటు వాల్యూమ్ కూడా తగ్గించాలి.

రెండు మీటర్లంటే ఆరున్నర అడుగులు. చిన్న గదిలో కూడా కుదురుతుంది. నేను ఫోన్‌ని కిటికీ వైపున్న అల్మారా మీద పెట్టా. హారన్లు వచ్చేది అటు నుంచే కాబట్టి మాస్కింగ్ కూడా బాగా కుదిరింది.

సౌండ్ మీటర్ యాప్‌ల గురించి ఒక హెచ్చరిక. ఫోన్ మైక్ మాటల కోసం ట్యూన్ చేసింది, కొలత పరికరం కాదు. రెండు ఫోన్లలో రెండు రీడింగులు వస్తాయి. ఒకే ఫోన్‌తో "ఇక్కడ ఎంత, అక్కడ ఎంత" అని పోల్చుకోవడానికి వాడండి. అన్నిటికంటే నమ్మకమైన టెస్ట్ మా అమ్మ చెప్పిందే: పాప తల ఉండే చోట మీ చెవి పెట్టండి. మామూలు గొంతుతో మాట్లాడితే మీకు శుభ్రంగా వినపడాలి. గొంతు పెంచాల్సి వస్తే సౌండ్ ఎక్కువైనట్టే.

వైట్, పింక్, బ్రౌన్: ఏది పెట్టాలి?

- వైట్ నాయిస్: అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా. టీవీలో సిగ్నల్ పోయినప్పటి "ష్ష్" లాగా.
- పింక్ నాయిస్: పై స్థాయి ఫ్రీక్వెన్సీలు ఆక్టేవ్‌కి 3 డెసిబెల్స్ చొప్పున తగ్గుతాయి. వాన చప్పుడులా మెత్తగా ఉంటుంది.
- బ్రౌన్ నాయిస్: ఆక్టేవ్‌కి 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దూరంగా ఉరిమినట్టు, బరువుగా.

ఫోన్ స్పీకర్ చిన్నది, బేస్ సరిగా పలకదు. అందుకని ఫోన్‌లో బ్రౌన్ నాయిస్ పెడితే సగం సౌండ్ వినపడదు, మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తాం. ఫోన్ అయితే పింక్ నాయిస్ లేదా వాన చప్పుడు చాలు.

ఫోన్ సెట్టింగ్స్ ఇలా పెట్టుకోండి

1. వీడియోలు వద్దు. మధ్యలో యాడ్ వచ్చిందంటే అర్ధరాత్రి ఇంట్లో అందరూ లేస్తారు. ఆఫ్‌లైన్ సౌండ్ వాడండి.
2. ఐఫోన్‌లో యాప్ అక్కర్లేదు. ఐఓఎస్ 15 నుంచి సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద బ్యాక్‌గ్రౌండ్ సౌండ్స్ ఉన్నాయి. వాన, సముద్రంతో పాటు మూడు రకాల నాయిస్ దొరుకుతుంది.
3. ఆండ్రాయిడ్‌లో ఫైల్‌ని లూప్‌లో పెడితే ఎంపీ3 వద్దు. ఆ ఫార్మాట్‌లో ఫైల్ మొదట్లో, చివర్లో చిన్న ఖాళీ చేరుతుంది. లూప్ తిరిగిన ప్రతిసారీ క్షణం పాటు సౌండ్ తెగుతుంది. వేవ్ లేదా ఫ్లాక్ ఫైల్ మేలు.
4. సిమ్ లేని పాత ఫోన్ ఉంటే దానికి ఇదే సరైన ఉద్యోగం. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, అలారాలన్నీ తీసేయండి.
5. బ్లూటూత్ స్పీకర్‌తో జాగ్రత్త. "బ్యాటరీ లో" అని అరిచే స్పీకర్లు, మీకు కాల్ వస్తే తామే మోగే స్పీకర్లు ఉన్నాయి. ముందు పగలు టెస్ట్ చేయండి.
6. ఛార్జర్ వైరు పాప చేతికి అందకూడదు. కనీసం మూడు అడుగుల దూరం ఉండాలి.
7. పాప గాఢంగా పడుకున్నాక సౌండ్ తగ్గించండి, కుదిరితే ఆపేయండి.

రాత్రి పాలకు లేచినప్పుడు ఫోన్ టార్చ్ కొట్టొద్దు. ఒంట్లోని గడియారాన్ని ఎక్కువగా కదిలించేది నీలి కాంతే. మసక పసుపు లేదా ఎరుపు బెడ్ ల్యాంప్ చాలు.

ఏ యాప్‌లోనూ లేని ఫీచర్

2022లో జపాన్‌లోని రికెన్ సంస్థకు చెందిన కుమి కురోడా బృందం 21 మంది పసిపిల్లల మీద ఒక స్టడీ చేసింది. ఏడుస్తున్న పిల్లల్ని ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే చాలామంది ఊరుకున్నారు, దాదాపు సగం మంది నిద్రపోయారు. కానీ వెంటనే మంచం మీద వేస్తే మూడో వంతుకు పైగా లేచేశారు. గుండె వేగం కొలిస్తే తెలిసిందేంటంటే, పిల్లల్ని కదిలించేది పరుపు తగలడం కాదు, తల్లి ఒంటి నుంచి విడివడడం. అందుకే నిద్రపోయాక ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చుని, అప్పుడు పడుకోబెట్టమన్నారు.

నా తప్పు సరిగ్గా ఇదే. కళ్లు మూయగానే దించేసేవాణ్ణి. ఇప్పుడు ఫోన్‌లో రెండు టైమర్లు, వైబ్రేషన్ మీద: నడకకు ఐదు, కూర్చోవడానికి ఎనిమిది. ప్రతిసారీ పనిచేయలేదు కానీ చాలాసార్లు చేసింది. సోఫాలో కూర్చుని మీరే నిద్రలోకి జారుతుంటే మాత్రం వెంటనే పాపను వేరేవాళ్లకు ఇవ్వండి. సోఫాలో పసిబిడ్డతో నిద్రపోవడం చాలా ప్రమాదం.

చీర ఉయ్యాల, తొట్టెల విషయానికొస్తే, జోకొట్టడానికి బాగుంటాయి. కానీ గుడ్డ కుంగితే పాప గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరికి అడ్డం రావచ్చు. నిద్రపోయాక గట్టి, చదునైన పరుపు మీద వెల్లకిలా వేయండి. పక్కన దిండ్లు, బొమ్మలు వద్దు.

ఖరీదైన గ్యాడ్జెట్లు కొనాలా?

దానంతటదే ఊగే స్మార్ట్ ఉయ్యాల స్నూకి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ధర వెయ్యి డాలర్ల పైమాటే. పాప పాదానికి తొడిగే ఔలెట్ స్మార్ట్ సాక్‌కి 2021లో అదే ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్ పంపింది. ఆ కంపెనీ కొత్త మోడల్‌కి 2023లో అనుమతి దొరికింది. ఏటవాలుగా ఉండే రాక్ ఎన్ ప్లే స్లీపర్‌ని శిశు మరణాల తర్వాత 2019లో వెనక్కి పిలిచారు. అప్పటికే సుమారు 47 లక్షలు అమ్ముడయ్యాయి. "అందరూ కొంటున్నారు" అంటే "సేఫ్" అని కాదు.

ఫోన్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది ఎప్పుడు?

మూడు నెలల లోపు పాపకు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చేరితే, పాలు తాగకపోతే, ఊపిరి కష్టంగా తీస్తుంటే, ఎంత ఎత్తుకున్నా ఏడుపు ఆగకపోతే ఆలస్యం చేయొద్దు. వైట్ నాయిస్ చిరాకుని తగ్గిస్తుంది, జబ్బుని కాదు.

ఫైనల్‌గా

కొత్త మెషీన్ కొనాల్సిన పని లేదు. డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్, పింక్ నాయిస్, తక్కువ వాల్యూమ్, రెండు మీటర్ల దూరం, ఐదు నిమిషాల నడక, ఎనిమిది నిమిషాల ఓపిక. మా పాపకు ఇప్పుడు ఏడు నెలలు. నిన్న రాత్రి కూడా బైక్ పోయింది, హారన్ కొట్టింది. పాప పక్కకు కదిలి మళ్లీ పడుకుంది. లేచింది నేనే.