పళ్లెంలో ఎడమ సగం



మా నానీ పక్షవాతం నుంచి కోలుకుంటున్న రోజుల సంగతి ఇది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం బాగానే ఉంది. అన్నం పెడితే పళ్లెంలో కుడివైపు ఉన్నది తినేసి, ఎడమవైపున్నది అలాగే వదిలేసి, "ఇంతేనా పెట్టారు?" అనేది. ఎడమవైపు నిలబడి పిలిస్తే కుడివైపు వెతికేది. కూర్చుని నమాజు చేసుకుంటూ, చివర సలాం దగ్గర కుడివైపు తిరిగేది గాని ఎడమవైపు తిరగడం మరిచిపోయేది. ఇంట్లో కొందరు మతి పోయిందన్నారు. కొందరు మొండితనం అన్నారు. గాలి సోకిందేమో, ఎవరిచేతనైనా ఊదిద్దామన్న వాళ్లూ ఉన్నారు. ఒకరోజు మా చెల్లెలు పళ్లెం అటుది ఇటు తిప్పి పెట్టింది. మిగిలిన అన్నం కుడివైపుకి వచ్చింది. నానీ ఏమీ జరగనట్టు అదీ తినేసింది.

నానీ కళ్లు బాగానే ఉన్నాయి, ఆకలీ ఉంది. ఎడమవైపు ధ్యాస ఒక్కటే పోయింది. డాక్టర్లు దీన్ని 'నెగ్లెక్ట్' అంటారు. మెదడు కుడిభాగంలో పక్షవాతం వచ్చినవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

చూడటం వేరు, ధ్యాసపెట్టి చూడటం వేరు. సుమారు వెయ్యేళ్ల కిందట కైరోలో 'కితాబుల్ మనాజిర్' రాసిన ఇబ్ను అల్ హైథమ్ ఈ తేడాను గుర్తించారు. ఒక్క చూపులో తెలిసేది కొంత, నిదానించి పరిశీలిస్తే తెలిసేది మరికొంత అని ఆయన వివరించారు. మరి ఆ నిదానించి చూసే పని మెదడులో ఎవరు చేస్తున్నారు? ఈ ప్రశ్నకు గట్టి జవాబులు దొరకడం మొదలైంది ఇటీవలి దశాబ్దాల్లోనే.

ఆలస్యానికి కారణం ఉంది. బతికున్న మనిషి మెదడును తెరిచి పరీక్షించలేం. పక్షవాతం వచ్చినవారిని చూసి నేర్చుకుందామంటే, దెబ్బ ఒక్కచోట ఆగదు, చుట్టుపక్కల చాలా మేర పాడవుతుంది. స్కానింగులో ఒక పని చేస్తున్నప్పుడు ఏ భాగం చురుగ్గా ఉందో కనిపిస్తుంది. కాని చురుగ్గా ఉన్నంత మాత్రాన ఆ పని అదే చేస్తోందని చెప్పలేం. పెళ్లిపందిట్లో హడావుడిగా తిరిగేవాళ్లంతా వంట చేస్తున్నట్టా? ఇంట్లో ఏ ఫ్యూజు ఏ గదిదో తెలియాలంటే ఒక్కొక్కటీ కాసేపు తీసి చూస్తాం. మెదడులోనూ ఒక భాగాన్ని హాని లేకుండా కొద్దిసేపు మందగింపజేసి చూడగలిగితే సంగతి తేలుతుంది.

ఆ వీలు 1985లో కలిగింది. ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథోనీ బార్కర్, ఆయన సహచరులు ఒక రాగితీగ చుట్టను తలకు ఆనించి, అందులోకి క్షణకాలం బలమైన విద్యుత్తు పంపారు. తీగచుట్ట చుట్టూ అయస్కాంత శక్తి పుట్టి, పుర్రె ఎముకను దాటి, లోపల మెదడు పైపొరలో స్వల్పంగా విద్యుత్తును పుట్టించింది. మనిషి చెయ్యి తనంతట తానే కదిలింది. కోతా లేదు, మత్తూ లేదు. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన వీధి ట్రాన్స్‌ఫార్మరు పనిచేసేదీ దాని మీదే. ఈ పద్ధతిని ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా టీఎంఎస్ అంటారు. తల మీద తడి స్పాంజీలు పెట్టి 1, 2 మిల్లీఆంపియర్ల కరెంటు నిదానంగా పంపే పద్ధతి మరొకటి. 2000లో జర్మనీలో నిట్షె, పౌలస్ అనేవారు దాని ప్రభావాన్ని చూపాక అదీ పరిశోధనల్లోకి వచ్చింది.

2001లో వచ్చిన ఒక ప్రయోగం మా నానీ పళ్లెం సంగతిని అర్థం చేయిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి చెవికి పైన, కాస్త వెనగ్గా ఉండే 'పెరైటల్' భాగం మీద సెకనుకు ఒకసారి చొప్పున పది నిమిషాలు టీఎంఎస్ ఇచ్చారు. ఆ భాగం కొద్దిసేపు మందగించింది. తర్వాత తెర మీద కుడివైపో ఎడమవైపో చిన్న గుర్తులు చూపించారు. మెదడు కుడిభాగానికి ఇచ్చినప్పుడు ఎడమవైపు గుర్తులను గమనించడం తగ్గింది. అది ఊహించిందే. అయితే కుడివైపు గుర్తులను వాళ్లు మునుపటికంటే బాగా పట్టుకున్నారు!

కావడి మోసేవాళ్లను చూసినవారికి ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఒకవైపు కుండ బరువు తగ్గితే కావడి రెండోవైపుకి ఒరుగుతుంది. మెదడు కుడిభాగం ధ్యాసను ఎడమకు లాగుతుంది, ఎడమభాగం కుడికి లాగుతుంది. రెండూ సమంగా ఉన్నంతకాలం మనకి ఈ లాగులాట తెలియదు. ఒకటి బలహీనపడితే రెండోదానికి అడ్డు ఉండదు. 1999లో ఇటలీ పరిశోధకులు కుడి మెదడు దెబ్బతిన్న రోగులకు, బాగున్న ఎడమ మెదడు ముందుభాగం మీద టీఎంఎస్ ఇచ్చి చూశారు. రెండు చేతులనూ ఒకేసారి తాకినప్పుడు ఎడమచేతి స్పర్శను వదిలేయడం కొంత తగ్గింది. కావడి మళ్లీ కాస్త సరిపడిందన్నమాట.

ఈ పని మన పొరుగునే బెంగళూరులోనూ సాగుతోంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని న్యూరోసైన్స్ కేంద్రంలో ప్రొఫెసర్ శ్రీధరన్ దేవరాజన్ బృందం మనిషి ధ్యాస మీదే పరిశోధన చేస్తోంది. స్కానింగులతో చూడటం, తల బయటినుంచే మెదడును ప్రేరేపించడం, ఈ రెండు పద్ధతులనూ వారు కలిపి వాడుతున్నారు. మెదడు పైపొరతోపాటు లోతున ఉండే నడి మెదడుకు కూడా ధ్యాసలో పాత్ర ఉందనీ, ఆ రెంటి మధ్య తీగల అమరిక కుడి ఎడమలకు సమంగా లేనివారిలో ధ్యాస కూడా ఒకవైపు మొగ్గుతుందనీ వారి పని చెబుతోంది.

ఇదంతా మన సంఘం పుస్తకంలో ఎందుకంటే, దీనితో మనకి పని ఉంది. మొదటిది మన మాటతీరు. ధ్యాస కుదరని పిల్లాణ్ని "పొగరు" అంటాం, అన్నం వదిలేసిన ముసలమ్మను "మతి పోయింది" అంటాం. ధ్యాసకు మెదడులో ఒక చోటుంది, దానికీ జబ్బు చేస్తుంది అని తెలిస్తే ఆ మాటలు తగ్గుతాయి. పిల్లాణ్ని కొట్టేముందు కళ్ల పరీక్ష, చెవుల పరీక్ష చేయించాలనిపిస్తుంది.

రెండోది మోసాలు. ఏకాగ్రత పెంచే టోపీలు, తలకు కట్టే బ్యాటరీ పట్టీలు అమ్మజూపేవారు ఉంటారు. టీఎంఎస్‌ను మానసిక కుంగుబాటుకు అమెరికా ప్రభుత్వ సంస్థ 2008లో అనుమతించిన మాట నిజమే. అది డాక్టరు పర్యవేక్షణలో జరిగే చికిత్స. మూర్ఛ ఉన్నవారికి, తలలో లోహపు పరికరాలు ఉన్నవారికి అది ప్రమాదం కావచ్చు. నెగ్లెక్ట్‌కు గాని, పిల్లల ఏకాగ్రతకు గాని అది ఇంకా స్థిరపడిన వైద్యం కాదు. మన జకాత్, సదఖా సొమ్ముతో అలాంటి పట్టీలు కొనిపించకండి.

మూడోది సమయం. మూతి వంకర పోయినా, చెయ్యి ఒకటి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డవల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. అదీ స్కానింగు చేసి, రక్తస్రావం లేదని తేలాకే. శృంగవరపుకోట నుంచి విజయనగరమో విశాఖపట్నమో చేరేసరికే అందులో కొంత పోతుంది. ఊదించడానికి, ఎవరినో అడగడానికి మిగతాది పోగొట్టుకోకూడదు. దువా బండిలో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

దాతలు ఇచ్చే ప్రతి రూపాయీ ఇక్కడ పనికొస్తుంది. రాత్రిపూట బండి కిరాయికి, స్కానింగుకు, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీకి డబ్బు కావాలి. డబ్బు లేకుండా చేయగలిగినవీ ఉన్నాయి. రోగితో మాట్లాడేటప్పుడు "ఎడమవైపు చూడమ్మా" అని నెమ్మదిగా గుర్తుచేయాలి. చదివే కాగితానికి ఎడమ అంచున ఎర్రగీత గీసి, ఆ గీత కనిపించేదాకా చూపు జరపమనాలి. మా నానీ పళ్లెంలో ఎడమ అంచుకి మా చెల్లెలు ఎర్ర రిబ్బన్ కట్టింది. కొన్ని వారాలకు నానీ దాన్ని తనే వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఒకరోజు నమాజు ముగిస్తూ కుడివైపు సలాం చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఎడమవైపుకీ తిరిగింది. ఇంట్లో ఎవరం ఏమీ అనలేదు. అందరి కళ్లూ తడిశాయి.

మన చుట్టూ ఉన్నవారి బాధ మన ధ్యాసలోంచి జారిపోకుండా అల్లాహ్ మనందరినీ కాపాడుగాక. ఆమీన్.