అలారం ఆపేద్దామా!

ఎమ్మారై చూసిన డాక్టరు 'కంగారు పడాల్సిందేమీ లేదమ్మా' అంటాడు. నడుం మాత్రం వంగనివ్వదు. 'అంతా నీ భ్రమ' అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాట నొప్పికన్నా ఎక్కువ బాధిస్తుంది. నిజానికి ఆ నొప్పి భ్రమ కాదు. పాత గాయం మానిపోయినా మెదడులోని అలారం ఇంకా మోగుతూనే ఉండొచ్చు. మోగించడం నేర్చుకున్న మెదడుకి ఆపడమూ నేర్పొచ్చంటున్నారు పరిశోధకులు!

తాడూ... పామూ...

చీకట్లో కాలికేదో మెత్తగా తగిలితే ఎగిరి గెంతుతాం. అది తాడని తెలిసేలోపే గుండె దడదడలాడుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి. మెదడులోని అమిగ్డలా ప్రమాదమని కేకేస్తే, హైపోథాలమస్ అందుకుంటుంది. అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలవుతాయి. పోరాడటానికో పారిపోవడానికో ఒంటిని సిద్ధంచేసే ఏర్పాటు ఇది. తాడని తెలియగానే అన్నీ సర్దుకోవాలి. కానీ అప్పులూ పిల్లల చదువులూ జబ్బు భయం... ఇవి రోజూ ఉండే పాములు. అలారం ఆగదు. నిద్ర చెడుతుంది, బీపీ, షుగర్ అదుపు తప్పుతాయి, నొప్పులు ముదురుతాయి.

ఎలుకలు చెప్పిన నిజం

మెదడు నేర్చుకున్నది ఒంటిమీద ఎంతలా పనిచేస్తుందో 1975లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఆడర్, నికొలస్ కోహెన్ చూపించారు. ఎలుకలకు తియ్యటి నీళ్లు తాగించి, వెంటనే రోగనిరోధకశక్తిని తగ్గించే మందు ఇచ్చారు. తర్వాత మందు లేకుండా తియ్యటి నీళ్లిచ్చినా వాటి నిరోధకశక్తి తగ్గింది! నొప్పి విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. వంగినప్పుడల్లా కలుక్కుమంటే, కొన్నాళ్లకు వంగడమే ప్రమాదమని మెదడు రాసిపెట్టుకుంటుంది. భయంతో కదలికలు తగ్గిస్తాం. దాంతో ఆ రాత మరింత గట్టిపడుతుంది.

నాలుగు వారాల పాఠం

ఆ రాతను చెరిపెయ్యొచ్చా? అమెరికాలోని బౌల్డర్‌లో పరిశోధకులు 151 మందిపై ప్రయోగం చేశారు. అందరూ దీర్ఘకాలిక నడుంనొప్పితో ఉన్నవాళ్లే. ఒక బృందానికి డాక్టరుతో ఒకసారి మాట్లాడించి, నాలుగు వారాల్లో ఎనిమిదిసార్లు శిక్షణ ఇచ్చారు. నొప్పి వచ్చినప్పుడు హడలిపోకుండా గమనించడం, 'ఇది అపాయం కాదు' అని చెప్పుకోవడం, భయపడి మానేసిన పనుల్ని మెల్లగా మొదలుపెట్టడం... ఇదే ఆ పాఠం. రెండో బృందానికి ఉత్తుత్తిదేనని ముందే చెప్పి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చారు. మూడో బృందం మామూలు వైద్యమే కొనసాగించింది. శిక్షణ పొందినవారిలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 20, మామూలు వైద్యంలో 10 శాతమే. ఏడాది తర్వాతా మేలు చాలావరకు నిలిచింది. ఈ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

మన జపమూ ధ్యానమూ

ధ్యానం చేసేవారిని పరీక్షించిన హార్వర్డ్ డాక్టర్ హెర్బర్ట్ బెన్సన్, ఒత్తిడికి విరుగుడుగా ఒంట్లో 'విశ్రాంతి స్పందన' ఉందని 1975లో పుస్తకం రాశారు. ప్రశాంతంగా కూర్చుని ఒకే మాటను మళ్లీ మళ్లీ మననం చేసుకోవడమే ఆయన పద్ధతి. మన బామ్మల జపమాల గుర్తొస్తోంది కదూ! 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ ధ్యానం, యోగా కలిపి దీర్ఘకాలిక నొప్పులవారికి శిక్షణ మొదలుపెట్టారు. ఆ ఎనిమిది వారాల కోర్సు తర్వాత ఎన్నో ఆస్పత్రులకు పాకింది.

అన్నిటికీ మందు కాదు

బౌల్డర్ ప్రయోగం, నొప్పికి వేరే జబ్బేదీ కారణంగా కనిపించనివారి మీద చేసింది. కీళ్లవాతానికో క్యాన్సర్‌కో అదే వర్తిస్తుందనుకోకూడదు. తీవ్ర నీరసంతో మంచానపడేసే 'క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్'కి 'లైట్నింగ్ ప్రాసెస్' అనే శిక్షణను సూచించొద్దని బ్రిటన్‌లోని 'నైస్' సంస్థ 2021లో వైద్యులకు చెప్పింది. 'మెదడు మారిస్తే ఏ రోగమైనా మాయం' అని వేలకు వేలు గుంజే ప్రకటనలను నమ్మకండి. ఇన్సులిన్, బీపీ, థైరాయిడ్ మందుల్ని సొంతంగా ఆపొద్దు. నొప్పితోపాటు జ్వరం, కాళ్లలో బలహీనత, బరువు తగ్గడం, మూత్రం పట్టు తప్పడం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఇంట్లో ఇలా...

* రోజూ పది నిమిషాలు, నిమిషానికి ఆరుసార్లు చొప్పున నిదానంగా శ్వాసించండి. వదిలేటప్పుడు ఇంకాస్త నెమ్మదిగా.
* నొప్పి మొదలవగానే 'ఏమైపోతుందో' అనుకోకుండా, ఎక్కడ, ఎలా ఉందో గమనించండి.
* డాక్టరు ఫర్వాలేదన్నాక, మానేసిన పనిని కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఇవాళ వీధి చివరిదాకా, వచ్చే వారం గుడిదాకా.
* నిద్రవేళ మార్చకండి.

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒక్కటే. 'నీ భ్రమ' అనే మాట మానేసి, 'నొప్పి నిజమే, తగ్గే దారీ ఉంది' అనండి. భయం తగ్గితేనే కదా, అలారం ఆగేది!