చెయ్యే సుత్తి అయితే...

అల్లాహ్ మనకిచ్చిన వరాల్లో కష్టపడి సంపాదించే చెయ్యి ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో మన సోదరులు ఎందరో మెకానిక్ షెడ్లు, పంక్చర్ దుకాణాలు, వడ్రంగం, బండలు పరిచే పని నమ్ముకొని బతుకుతున్నారు. బిగిసిన నట్టు కదలకపోతే పానాను అరచేత్తో గుద్దుతారు. ఉలినైనా, బండనైనా చాలాసార్లు అలాగే తడతారు. ఏళ్ల తరబడి ఇలా చేస్తే కొందరికి చేతి రక్తనాళం దెబ్బతింటుంది. 1970లో వైద్యులు ఈ జబ్బుకు ‘హైపోథీనార్ హ్యామర్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఇది అరుదైనదే. అయితే గుర్తించకపోతే వేలే పోవచ్చు.

చేతికి రక్తం ముఖ్యంగా రెండు ధమనుల ద్వారా వస్తుంది. ఒకటి బొటనవేలి వైపు, రెండోది చిటికెనవేలి వైపు. రెండోది మణికట్టు దాటాక కొక్కెంలాంటి చిన్న ఎముక పక్కనుంచి, చర్మానికి దగ్గరగా పోతుంది. గుద్దిన ప్రతిసారీ ఆ ఎముకకు ఒత్తుకొని గోడ నలుగుతుంది. క్రమంగా ధమని ఉబ్బుతుంది, లేదా లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతుంది. గడ్డ ముక్కలు వేళ్లలోకి జారి అక్కడా రక్తాన్ని ఆపుతాయి.

అందుకే ఎక్కువగా చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు చల్లబడి తెల్లబడతాయి, తిమ్మిరెక్కి నొప్పి పెడతాయి. చలికి బాధ పెరుగుతుంది. ముదిరితే వేలి కొస మీద మానని పుండు పడుతుంది, కొస నల్లబడుతుంది. బొటనవేలు సాధారణంగా బాగానే ఉంటుంది. నరాల బలహీనత అనుకొని బలం మాత్రలతో నెలలు గడిపితే నష్టం పెరుగుతుంది.

మొదటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు. రోగి పిడికిలి బిగించాక డాక్టరు మణికట్టు దగ్గర రెండు ధమనులనూ నొక్కిపట్టి, చెయ్యి తెరిపించి, చిటికెనవేలి వైపు మాత్రం వదులుతారు. కొన్ని సెకన్లలో అరచెయ్యి ఎర్రబడకపోతే అనుమానించాలి. దీన్ని అలెన్ పరీక్ష అంటారు. తర్వాత డాప్లర్ స్కాన్, అవసరమైతే యాంజియోగ్రామ్ తీస్తారు.

చికిత్సలో మొదటిది చేత్తో గుద్దడం మానడం. రెండోది బీడీ, సిగరెట్, జర్దా మానడం. చెయ్యి వెచ్చగా ఉంచుకోవాలి. రక్తనాళాలను సడలించే మందులు, గడ్డకట్టకుండా చూసే మందులు డాక్టరు ఇస్తారు. గడ్డ కొత్తదైతే కరిగించే ప్రయత్నం చేయవచ్చు. ధమని ఉబ్బినా, పుండు మానకపోయినా చెడిన భాగం తీసి, రోగి సిరనే అతికే ఆపరేషన్ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

రోజు కూలీకి అడ్డొచ్చేది ఆపరేషన్ ఖర్చొక్కటే కాదు. హైదరాబాద్‌కు దారిఖర్చు, స్కాన్ రుసుము, పనిలేని రోజుల్లో ఇంటి పొయ్యి కూడా అడ్డొస్తాయి. దాతల సదఖా అక్కడ చేరితే ఒక వేలు, ఆ వేలి మీద ఆధారపడిన కుటుంబం నిలబడతాయి. ఇంకా చవకైన సాయం కూడా ఉంది. ప్రతి షెడ్డుకూ ఒక రబ్బరు సుత్తి, పొడవాటి పిడి ఉన్న పానా కొనిస్తే చాలు, చెయ్యి సుత్తి కావలసిన అవసరమే ఉండదు.