కొంగ చెవిన పడని క్లిక్!

వారపత్రికలో మీరు కత్తిరించి పుస్తకాల అట్టలకు అతికించుకునే హీరోయిన్ స్టిల్ వుందే... అది సినిమాలోది కాదని మీలో ఎంతమందికి తెలుసు? సినిమా తీసే కెమేరా వేరు, ఆ స్టిల్ తీసే కెమేరా వేరు. మూవీ కెమేరాకు కాస్త పక్కగా, లైట్‌బాయ్ మోచేతికీ ట్రాలీ పట్టాలకీ మధ్య నక్కి నిలబడ్డ స్టిల్ ఫోటోగ్రాఫర్ తీసింది అది. ఆయన చేతిలో వుండేది 35 ఎం.ఎం. ఎస్.ఎల్.ఆర్. కెమేరా. ఆ కెమేరా చేసే చప్పుడు గురించే ఈ కబుర్లన్నీ.

చప్పుడు గురించి రాయడానికేముంది అంటారా? ఉంది మరి! మన తెలుగు సినిమాల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్లకు చాలాకాలం ఆ బాధే లేదు. మద్రాసు స్టూడియోల్లో బరువైన మిచెల్ కెమేరాల రోజులు పోయి, చేతిలో ఇమిడే ఆరిఫ్లెక్స్ 2సి వచ్చాక, ఆ కెమేరాయే కుట్టుమిషన్‌లా గడగడలాడేది. మాటలెలాగూ తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పుకునేవే. ఇక మధ్యలో ఒక ‘ఠప్’ ఎవరికి కావాలి? అదే సెట్లోనే మాటలు రికార్డు చేసే సింక్ సౌండ్ పద్ధతి అయితే - 2001లో వచ్చిన ‘లగాన్’ అలా తీసిందే - సౌండ్ రికార్డిస్ట్ స్టిల్ ఫోటోగ్రాఫర్ వంక కొరకొరా చూస్తాడు. అందుకే హాలీవుడ్‌లో కెమేరాను లోపల మెత్త వేసిన పెట్టెలో పెట్టి, ఆ పెట్టెలోంచి ఫోటోలు తీసేవారు. దాన్ని బ్లింప్ అంటారు. మెడలో చిన్న సూట్‌కేసు వేలాడేసుకున్నట్టుంటుంది!

ఎస్.ఎల్.ఆర్.కే ఎందుకింత రొద? లోపల ఒక అద్దం వుంటుంది. మీరు కంటితో చూసే బొమ్మను పైకి పంపేది అదే. బటన్ నొక్కగానే ఆ అద్దం పైకెగిరి కొట్టుకుంటుంది. లెన్సులో కన్నం చిన్నదవుతుంది. షట్టర్ తెర ఒకటి పరుగెత్తుతుంది, దాని వెనకే రెండోది. మళ్లీ అద్దం కిందపడుతుంది. సెకనులో పదోవంతుకు అటూ ఇటూగా ఇంత నాటకం! సగానికి పైగా చప్పుడు అద్దానిదే. మిగతాది తెరలది. గుడ్డ తెరలు అడ్డంగా పరుగెత్తే కెమేరాలు ‘ఫ్లప్’మంటాయి. రేకు తెరలు నిలువుగా దిగేవి ‘చటక్’మంటాయి.

ఇది కాగితం మీద చెబితే లాభంలేదని నాలుగు కెమేరాలు సంచీలో వేసుకుని దివిసీమ వెళ్లాను. అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి దాటితే పాలకాయతిప్ప. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు ఆ దాపునే. మాఘ పౌర్ణమికి సముద్రస్నానాలకొచ్చే జనంతో ఇసుక వేస్తే రాలదుగానీ, మామూలు రోజుల్లో గాలీ, అలలూ, పీతలూ అంతే. ఒడ్డున నిలబడితే ఏ కెమేరా అయినా మూగదే - ఆ గాలిహోరులో మీ మాటే మీకు వినబడదు. అసలు పరీక్ష మడ అడవుల మధ్య పాయల్లోకి పడవ వెళ్లాక మొదలవుతుంది. తెడ్డు ఆపితే నీటిబొట్టు జారడం కూడా వినిపిస్తుందక్కడ!

ముందుగా సోవియట్ జెనిట్-ఇ తీశాను. బ్యాటరీ అక్కర్లేని మీటరు, ఇనప్పెట్టెలాంటి ఒళ్లు. నొక్కాను. ‘ఠప్!’ ఎదుటి బురదలో ధ్యానంలో వున్న తెల్లకొంగ లేచింది, దాని వెంట ఇంకో నాలుగు.

పడవ నడిపే పెద్దాయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని, “ఏంటి బాబూ, ఆ పెట్టె అంత మోత చేత్తంది? తుపాకీ అనుకుంటన్నాయి పిట్టలు” అన్నాడు.

“ఇంకోటుంది బాబాయ్, చూడు” అని పెంటాక్స్ కె1000 తీశాను. 1976 నుంచి 1997 దాకా తయారై, ప్రపంచమంతటా ఫోటోగ్రఫీ విద్యార్థుల బడిపలకగా పేరుపడ్డ కెమేరా ఇది. గుడ్డ తెరే, కానీ అద్దం ‘ధబ్’మంటుంది. కొంగలు ఎగరలేదుగానీ మెడలు నిక్కించాయి. మూడోది 1982 నాటి నికాన్ ఎఫ్.ఎం.2. సెకనులో 4,000వ వంతు స్పీడు దీని గొప్ప. చప్పుడు పెద్దది కాదు, పదునైనది. కత్తెర మూసినట్టుంటుంది. దీనికో కిటుకుంది: సెల్ఫ్ టైమర్ పెట్టి నొక్కితే అద్దం మొదటే లేచి కూర్చుంటుంది. కొన్ని సెకన్ల తర్వాత తెర మాత్రమే కదులుతుంది. ఈలోగా పిట్ట సర్దుకుంటుంది. కాకపోతే ఆ కాసేపూ మీకేమీ కనబడదు. పిట్ట కదలనని మాటిచ్చివుండాలి!

నాలుగోది ఒలింపస్ ఓ.ఎం-1. దీని కథ కొంచెం చెప్పుకోవాలి. యోషిహిసా మైతానీ అనే జపాన్ ఇంజనీరు, ఎస్.ఎల్.ఆర్.కు మూడు రోగాలున్నాయన్నాడు - బరువు, సైజు, చప్పుడు. మూడింటికీ మందు వెతికాడు. అద్దం దబ్బున కొట్టుకోకుండా గాలి నిండిన బుల్లి డ్యాంపర్లు పెట్టాడు. తలుపు ధడేల్మనకుండా కొందరు పైన బిగిస్తారు చూడండి, ఆ గాలిగొట్టం సూత్రమే. 1972లో ఎం-1 పేరుతో వచ్చింది. లైకా వాళ్లు ఆ పేరు మీద అభ్యంతరం చెప్పడంతో మరుసటి ఏడు ఓ.ఎం-1 అయింది. పైగా ఇందులో అద్దాన్ని ముందే ఎత్తి పెట్టుకునే మీట కూడా వుంది. తమాషా ఏమిటంటే, 1975లో వచ్చిన ఓ.ఎం-2లో ఆ మీట లేదు!

నొక్కాను. ‘టుప్’. తడిచేత్తో అరిటాకు మీద తట్టినట్టు. కొంగ చేపను చూసుకుంటూనే వుంది. పెద్దాయన, “తీసేరా?” అన్నాడు. అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి?

కొంగలు ఎగిరిపోతే మళ్లీ వస్తాయి. మనుషుల సంగతి వేరు. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ సీమలో 10 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పుడు ఎన్.టి.ఆర్., ఎ.ఎన్.ఆర్. జోలెపట్టి వూరూరా తిరిగి బాధితులకు విరాళాలు పోగుచేసిన సంగతి ఇప్పటికీ ఇక్కడ కథగా చెబుతారు. ఒకరిది నిమ్మకూరు, ఒకరిది గుడివాడ దగ్గర రామాపురం - ఈ జిల్లా బిడ్డలే కదా! ఒక నవంబరు 19న సంగమం దగ్గర ఓ ముసలమ్మ నీళ్లలో మోకాటి లోతున నిలబడి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ పూలు వదలడం చూశాను. ఫోటో తీసుకోవచ్చా అని ఆమె మనవణ్ణి ముందే అడిగాను. “తీసుకోండి గానీ, మా నాయనమ్మ లెక్క తప్పకూడదండీ” అన్నాడు. చెల్లెలి పిల్లలతో కలిపి తొమ్మిది పేర్లట. ఆరోజు గాలి లేదు. నా మెడలో ఓ.ఎం-1 కాక జెనిట్ వుంటే నేను బటన్ నొక్కేవాణ్ణే కాదు. ఆమె తొమ్మిదీ పూర్తిచేసింది, తల తిప్పకుండా.

కూచిపూడిలో రాత్రి ప్రదర్శనల్లోనూ ఇదే సమస్య. మృదంగం మోగుతున్నంతసేపూ ఏదైనా చెల్లుతుంది. అభినయం దగ్గర పాట సన్నగిల్లి కంటిచూపు ఒక్కటే మాట్లాడుతుందే, అప్పుడు మొదటి వరసలో ‘ఠప్’మనిపించిన వాడి వంక సభంతా తిరుగుతుంది. మృదంగం దెబ్బతో కలిపి నొక్కడం నేర్చుకున్న ఫోటోగ్రాఫర్లు తాళం తెలిసినవాళ్లన్నమాట. అన్నట్టు తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు పుట్టింది మచిలీపట్నంలోనే, 1869లో. సినిమాల్లోకి రాకముందు ఆయన వృత్తి ఫోటోగ్రఫీయే!

చప్పుడు తర్వాత చెప్పుకోవలసింది చేతికి తగిలే నునుపు. ఫిలిం తిప్పే మీటను బొటనవేలితో లాగుతాం చూడండి, అందులో రారాజు 1980 నాటి నికాన్ ఎఫ్3. లోపల బాల్ బేరింగులున్నాయి. చిలికిన వెన్నలో వేలు పెట్టినట్టు పోతుంది. ఓ.ఎం-1 మంచిదే గానీ ఆ సుఖం లేదు. జెనిట్ మీట అయితే బావి గిలక. 36 బొమ్మలయ్యేసరికి బొటనవేలు మొరాయిస్తుంది.

ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమేరాలొచ్చి, అసలు చప్పుడే లేకుండా తీస్తున్నాయి. మీ చేతిలో సెల్‌ఫోన్‌కు అద్దమూ లేదు, తెరా లేదు. అయినా ‘క్లిక్’ అంటుంది. అది రికార్డు చేసి పెట్టిన చప్పుడు. డబ్బింగన్నమాట!

అయినా ఫిలిం మీద మోజుపడి పాతది కొనాలనుకుంటే ఒక్క మాట. కెమేరాను చెవి దగ్గర పెట్టుకుని అన్ని స్పీడుల్లోనూ నొక్కి వినండి. అద్దం ఆనే చోట నల్లటి స్పాంజి వుంటుంది. ఏళ్లు గడిచేసరికి అది తారులా కరిగిపోతుంది, అప్పుడు ఓ.ఎం-1 కూడా కె1000లా అరుస్తుంది. స్పాంజి మార్పిస్తే మళ్లీ దారికొస్తుంది. కానన్ ఎ.ఇ-1 కీచుమని దగ్గితే లోపల నూనె ఎండిందని లెక్క. ఓ.ఎం-1 మీటరుకు కావలసిన పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు, జింక్-ఎయిర్ బిళ్లతో సర్దుకోవాలి. తీరప్రాంతం వాళ్లయితే మరీ జాగ్రత్త. ఉప్పుగాలి తగిలిన కెమేరాను అలాగే తోలుసంచీలో మూసిపెడితే లెన్సులో బూజు సాలెగూడు కడుతుంది. తుడిచి, సిలికా జెల్ పొట్లంతో గట్టిమూత డబ్బాలో పెట్టుకోండి. బేరమాడేటప్పుడు పాత ఫిలిం రీలు ఒకటి జేబులో వేసుకెళ్లండి. ఖాళీ కెమేరా మీట ఎప్పుడూ మెత్తగానే తిరుగుతుంది. దాని అసలు గుణం ఫిలిం వేశాకే తెలిసేది.