మా యింటి పాత కారు ఇంజను

కుట్టుమిషను మొరాయించినచో సూది మార్చి, చక్రములకు నూనె వేసి, మరల నడపుకొను సోదరీమణులు మనలో ఎందఱో కలరు. గ్రైండరు రాయి అరిగినచో గంట్లు పెట్టించుకొందుము. కుక్కరు రబ్బరు సాగినచో మార్చుకొందుము. ఐనను కారు ఇంజను అనగానే అది పురుషుల పనియనియు, అందును వృత్తిగా నేర్చిన మేస్త్రీల పనియనియు తలంచి దూరముగా నిలిచెదము. మేమును చాలకాలము అట్లే తలంచితిమి. 2023, 2024 సంవత్సరములలో మా యింటి పెరటిలో జరిగిన పని ఆ తలంపును మార్చినది. ఆ సంగతి సోదరీమణులకు కొంత వినోదమును, కొంత ఉపయోగమును కలిగించునని యిది వ్రాయుచున్నాము.

మాది ఉద్దానము. పలాసకు తూర్పున, సముద్రమునకు చేరువగా, కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నడుమనున్న పల్లె. మా వారు టెక్కలిలో ఉపాధ్యాయులు. మా మామగారికి బాల్యమునుండియు యంత్రములనిన మక్కువ. పర్లాకిమిడి మహారాజుగారి చొరవతో 1900 సంవత్సరమున నడువనారంభించిన చిన్న రైలు నౌపడా నుండి టెక్కలి మీదుగా పోవుచుండగా, దాని ఆవిరి ఇంజనును చూచుటకై బడి మానిన దినములు కలవని వారే చెప్పుదురు. ఆ మక్కువతోనే వారు నడివయసున ‘స్టాండర్డ్ హెరాల్డ్’ కారు నొకదానిని, ఒకరు వాడి విడిచినదానిని కొనిరి. మేము కాపురమునకు వచ్చిన దినమున పలాస స్టేషను నుండి మమ్ము ఇంటికి తెచ్చినది ఆ కారే.

దీని వంశచరిత్ర కొంచెము చెప్పవలెను. ఇంగ్లండులో ట్రయంఫ్ సంస్థవారు 1959లో ‘హెరాల్డ్’ కారును వెలువరించిరి. దాని రూపమును గీసినవాడు ఇటలీ దేశీయుడగు మికెలొట్టి. 1961 నుండి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థవారు దానిని మన దేశమున తయారుచేసిరి. తొలి కార్ల ఇంజను 948 సి.సి.; తరువాతి వానిది 1147 సి.సి. మాది రెండవ తెగది. ఇంగ్లండులో 1962లో వెలువడిన ‘స్పిట్‌ఫైర్’ అను స్పోర్ట్సు కారునకును ఈ 1147 సి.సి. ఇంజనునే, రెండు కార్బురేటర్లతో మఱింత చుఱుకు గావించి అమర్చిరి. మద్రాసు కర్మాగారము ఎన్నడో మూతపడినది. ఐనను ఆ స్పోర్ట్సు కారును ముచ్చటపడి కాపాడుకొనువారు నేటికిని అనేక దేశములలో నుండుటచే, దాని ఇంజను భాగములు ఇప్పటికిని క్రొత్తగా తయారగుచున్నవి. కలిగినింటి జ్ఞాతి వలన పేద బంధువునకు బ్రతుకు తెరువు దొరకినట్లు, ఆ స్పోర్ట్సు కారు వలననే మా కారునకు ఆయువు మిగిలినది.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినది. ఆనాటి గాలి సంగతి ఉద్దానమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తాతలు నాటిన కొబ్బరిచెట్లు వేళ్లతో కూలినవి. జీడితోటలు నేలమట్టమైనవి. మా పశువులసాల రేకులు ఎగిరిపోయినవి. కారు ఆ సాలలోనే యుండెను. కొబ్బరిమాను పడి ముందరి మూత నొక్కుకొనిపోగా, కార్బురేటరు మీది గాలిడబ్బా పగిలి, వాననీరు ఇంజనులోనికి దిగెను. దీపము లేదు, మోటారు నడువక నీరు లేదు. కూలిన మానులను తొలగించుటకే నెలలు పట్టినవి. కారు సంగతి తలంచు నాటికి ఇంజను త్రుప్పుతో బిగిసి ఇనుపముద్దయై కూర్చున్నది.

2023 వేసవిలో పాత యినుము కొనువాడొకడు వచ్చి 18,000 రూపాయలిచ్చెదననెను. మామగారు ఒక్క మాటయు పలుకక అరుగుమీదనుండి లేచి లోనికిబోయిరి. అది చూచి మా వారు అమ్మమని చెప్పి వానిని పంపివేసిరి. అత్తగారి తీర్పు వేఱు. “ఓలమ్మా! తుపాను మిగిల్చిన నాలుగు డబ్బులూ ఈ తుక్కులో పోస్తారేటి? ముందు కొబ్బరిమొక్కలు నాటండి” అనిరి. ఆ మాట న్యాయమైనదే. కొబ్బరి నాటిన వెంటనే కాయదు. ఆలసించిన ప్రతి యేడును నష్టమే. కావున రాత్రి భోజనములైన పిదప అందఱము కూర్చుండి ఒక కట్టుబాటు చేసికొంటిమి. మొక్కలు ముందు, కారు తరువాత. అప్పు చేయరాదు. నెలకు 3,000 రూపాయలకు మించి తీయరాదు. మేస్త్రీ కూలికి సొమ్ము చాలదు గావున విప్పుటయు బిగించుటయు మేమే చేసికొనవలెను. పద్దు వ్రాయు పని మాకప్పగించిరి. అట్లు పద్దుతో మొదలైన మా చేయి స్పానరు వఱకును పోయినది.

ఇంజను మర్మము తెలిసికొన్నచో భయము సగము తీఱును. అందు నాలుగు సిలిండర్లు కలవు. సైకిలు పంపులో కాడ ఆడునట్లు ఒక్కొక్క సిలిండరులో ఒక్కొక్క పిస్టను ఆడును. పెట్రోలు కలిసిన గాలిని పీల్చుట, నొక్కుట, అది మండగా క్రిందికి త్రోయబడుట, పొగను వెడలగొట్టుట - ఇవి నాలుగే దాని పనులు. పిస్టనుల ఆటను చక్రపు తిరుగుడుగా మార్చునది క్రాంకు అను వంకర ఇరుసు. తక్కినవన్నియు వీనికి పరిచారకులు.

మొదట బిగిసినదానిని వదలింపవలెను. స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో డీజిలును ఇంజను ఆయిలును కలిపి పోసి, పది దినములు ముట్టుకొనలేదు. తొందరపడి బలము చూపినచో రింగులు విఱుగును. పదునొకండవ దినమున క్రాంకు కొననున్న బోల్టునకు పొడుగు స్పానరు తగిలించి అటునిటు మెల్లగా నూపగా, చీమ నడచినంత కదలికతో మొదలై, సాయంకాలమునకు ఒక చుట్టు తిరిగినది. అప్పుడు మామగారు ఒక పరీక్ష చెప్పిరి. మేము కారులో కూర్చుండి క్లచ్చి త్రొక్కవలెను. మా వారు ముందు నిలిచి క్రాంకు కప్పీని చూడవలెను. త్రొక్కినప్పుడెల్ల కప్పీ ముందునకు జరిగి, విడిచినప్పుడు వెనుకకు వచ్చుచుండెను. “థ్రస్టు వాషర్లు అరిగినవి. ఈ జాతి ఇంజనుకు అదే రోగము” అని వారు తేల్చిరి.

యుద్ధమధ్యమున దశరథుని రథమునకు ఇరుసు శీల యూడగా, కైకేయి తన చేతినే ఆ రంధ్రమున నుంచి రథమును నిలిపెనని పెద్దలు చెప్పు కథ మనమందఱము వినినదే. అంత రథమునకును ఆధారము ఆ చిన్న శీల. ఈ ఇంజనులో ఆ శీలవంటివి థ్రస్టు వాషర్లు. అర్ధచంద్రాకారపు రేకులు రెండు, వెనుక బేరింగునకు ముందొకటియు వెనుకనొకటియు నిలిచి, క్రాంకు నిలువున జరుగకుండ ఆపును. దానికి వలసిన సందు మిల్లీమీటరులో పదవ వంతు మొదలు ఐదవ వంతు వఱకే. అవి మిక్కిలి యరిగినచో జాఱి క్రింది ఆయిలు తొట్టిలో పడును. పిదప క్రాంకు ఇంజను దిమ్మనే కోయును. దిమ్మ కోసికొనిపోయినచో ఇక బాగుపడుట దుర్లభము.

విప్పు పని మేము తలంచినంత కష్టము కాలేదు. హెరాల్డ్ కారు మూత మడ్గార్డులతో కూడ ముందునకు వాలును. ఇంజనుచుట్టును చేయి యాడును. సొట్టపడిన మూతను తీసి పక్కనబెట్టి, పడవల ఇంజనులు బాగుచేయు మా పొరుగు మత్స్యకారుని వద్ద గొలుసుకప్పీ యెరువు దెచ్చి, పనసచెట్టు లావుకొమ్మకు కట్టి ఇంజనును పైకి లాగితిమి. వ్రేలాడు బరువు క్రిందకు పిల్లలను రానీయలేదు.

ఇక్కడనే గృహిణి నేర్పు అక్కఱకు వచ్చినది. జీడిపప్పు నింపు రేకుడబ్బాలు పలాసలో కొదువ లేదు. వానిపై అంకెలు వ్రాసి, ఏ భాగపు బోల్టులు ఆ డబ్బాలోనే వేసితిమి. ఎనిమిది పుష్‌రాడ్డులను అట్టముక్కకు రంధ్రములు చేసి వరుసగా గ్రుచ్చితిమి; ఏది ఎచ్చట అరిగినదో మరల అచ్చటనే చేరవలెను గదా! తీసిన ప్రతి భాగమును తీయక మునుపే నోటుపుస్తకములో బొమ్మ గీసి, ముఖము ఎటున్నదో బాణపు గుర్తుతో చూపితిమి. డీజిలుతో కడుగునప్పుడు పొయ్యి దరిదాపుల లేకుండ చూచుకొంటిమి. జీడిపిక్కలు కొట్టు స్త్రీలు జీడి అంటకుండ చేతులకు ముందే నూనె రాచుకొందురు. మేమును కొబ్బరినూనె రాచుకొని పనికి దిగితిమి, పిదప శనగపిండితో తోముకొంటిమి. ఇంకొక వింత. జీడిపిక్క తొక్కనుండి తీయు నూనెతో చేసిన పొడిని బ్రేకు లైనింగులలోను క్లచ్చి పలకలలోను కలుపుదురు. మన పలాస స్త్రీల చేతులను కాల్చు ఆ రసమే లోకమందలి బండ్లను ఆపుచున్నదని తెలిసిన నాడు మేము చాలసేపు ఊరకుంటిమి.

మూడవ సిలిండరు గోడను త్రుప్పు తినివేసెను. దిమ్మను విశాఖపట్టణము పంపి నాలుగింటిని బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టనులు తెప్పించితిమి. చెన్నైలో పుదుపేట పాత కారు భాగములకు పేరుపడిన అంగడి. బేరింగులు, థ్రస్టు వాషర్లు, గాస్కెట్లు అచ్చటినుండి వచ్చినవి. నేటి పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు గావున, దానికి చెడిపోవు పాత రబ్బరు పొరలను గొట్టములను కూడ మార్చితిమి. మొత్తము వ్యయము దాదాపు 40,000 రూపాయలు. పదునాలుగు నెలల డబ్బాసొమ్ము.

2024 దసరా సెలవులలో బిగించు పని జరిగెను. క్రాంకు ఎక్కించిన దినమున ఇంటికి చుట్టములు వచ్చుటచే మేము వంటయింట నుంటిమి. మా వారును అబ్బాయియు కలిసి క్రాంకును, పిస్టనులను ఎక్కించి, ఆయిలు తొట్టిని కూడ మూసివేసిరి. మఱునాడు పద్దు వ్రాయుటకు నోటుపుస్తకము తెఱువగా థ్రస్టు వాషరు బొమ్మ కంటబడెను. దానికొక ముఖమున మెత్తని లోహమును నూనె గాళ్లును ఉండును. ఆ ముఖము క్రాంకు వైపునకు తిరుగవలెను. “గాళ్లు ఎటు పెట్టినారు?” అని యడిగితిమి. మా వారు కొంచెము ఆలోచించి, “సరిగానే పెట్టియుందుము” అనిరి. ఆ ‘యుందుము’ అను మాట మాకు నచ్చలేదు.

విప్పవలెనన్నచో తొట్టి విప్పవలెను, క్రొత్త గాస్కెట్టు పాడగును, సెలవులు రెండు దినములే మిగిలినవి. మా వారికి కోపము వచ్చినది. ఆ పూట మాతో మాటలాడలేదు. మాకును, మన మాటే తప్పైనచో నవ్వులపాలగుదుమని సంకోచము కలుగకపోలేదు. ఐనను దిమ్మ కోసికొనిపోయినచో పదునాలుగు నెలల సొమ్మును, మామగారి ఆశయు మట్టిపాలే. సాయంకాలము మామగారిని అడిగితిమి. వారు “అనుమానమున్న చోట విప్పవలసినదే, అమ్మా” అనిరి. దీపము పెట్టుకొని విప్పితిమి. వెనుకటి వాషరు సరిగానున్నది. ముందటిది తిరుగబడి, ఉక్కు వీపు క్రాంకునకు ఆనియున్నది. మా వారు దానిని చేతబట్టుకొని కొంతసేపు చూచి, సరిగా మార్చి, సందు కొలిచి, “పుస్తకము నీవద్దనే యుంచుము, ఇకమీద నీవు చూడనిది మూయము” అనిరి. చుట్టములు వచ్చినను ఆ తరువాతి పని మేము లేక జరుగలేదు. హెడ్డు నట్టులను నడుమనుండి అంచులకు, మెలికలముగ్గు విప్పారినట్లు, మూడు విడతలుగ బిగించినది మేమే.

కార్తికమాసమున ఒక ఆదివారము ఇంజను నడపితిమి. మొదట ప్లగ్గులు లేకుండ త్రిప్పి నూనె పైవఱకు ఎక్కనిచ్చి, పిదప ఒకటి, మూడు, నాలుగు, రెండు వరుసలో ప్లగ్గు తీగలు తగిలించితిమి. రెండుసార్లు దగ్గి, నీలిపొగ విడిచి, ఇంజను అందుకొన్నది. అరుగుమీద కన్నులు మూసికొని వినుచున్న మామగారు, “మూడే పలుకుచున్నవి, ఒకటి మూగ” అనిరి. చూడగా రెండవ ప్లగ్గు తీగ వదులై యుండెను. అది నొక్కగనే నాలుగును కలిసి పలికినవి. వారేమియు అనక పైపంచెతో ముఖము తుడుచుకొనిరి.

రిజిస్ట్రేషను గడువు తీఱియున్నందున కారును ఇంకను రహదారికి తేలేదు. తోటలో ఒక చుట్టు త్రిప్పితిమి. వెనుకసీటులో కూర్చున్న అత్తగారు, “బాగానే ఉంది గాని, నా మొక్కలకి నీళ్లు మోస్తాదేటి?” అనిరి. మఱునాడు నాలుగు బిందెలు మోసినది.

సోదరీమణులారా! అందఱును కార్లు విప్పవలెనని మా అభిప్రాయము కాదు. విప్పకముందు గుర్తు పెట్టుట, దేని చోటున దానినుంచుట, శుభ్రముగా కడుగుట, పద్దు తప్పకుండుట - ఇవి మనకు పుట్టినింటనే అబ్బిన విద్యలు. యంత్రమునకును కావలసినవి ఇవియే. మీ యింట యంత్రమేదైన విప్పునప్పుడు దూరముగా నిలువక దగ్గఱ కూర్చుండుడు, బొమ్మ గీసికొనుడు. అనుమానము తోచినచో, ఎవరికి కోపము వచ్చినను, మూయకముందే అడుగుడు.