పాతయింట చల్లగాలి గొట్టములు

గోదావరీ కృష్ణా తీరములందలి పాత మండువా లోగిళ్ళలో ఉక్కపోతకు తాళలేక చల్లగాలి యంత్రములు పెట్టించుకొనువారు గలరు. గోడకు తగిలించు యంత్రమునకు చిన్న రంధ్రమొకటి చాలును. ఒకే యంత్రమునుంచి గొట్టముల ద్వారా నాలుగు గదులకు గాలి పంపవలెనన్నచో పని వేరు. పనివారు డక్టులని పిలుచు నీ రేకు గొట్టములు గోడలో దాగునని కొందరు తలంతురు. అది వట్టి భ్రమ.

యంత్రశక్తిని టన్నులలో కొలుతురు. టన్ను శక్తికి నిమిషమునకు సుమారు 400 ఘనపుటడుగుల గాలి నడువవలెను. అది చప్పుడు చేయక మెల్లగా సాగుటకు 12 అంగుళముల వెడల్పును, 8 అంగుళముల ఎత్తును గల గొట్టము కావలెను. మూడు టన్నులైనచో మొదటి గొట్టము రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు. దానికి చోటు చూపుమనగా పనివాడు దూలమువంక చూచి రంపమందుకొనును. అప్పుడే గృహిణి అడ్డుపడవలెను. తరతరములుగా పెంకుల బరువు మోయుచున్న దూలమును గండిపెట్టించుటకంటె ఉక్కపోతయే మేలు. గొట్టమును వంచి అటకమీదుగా త్రిప్పుమని చెప్పవలెను. అటకపై తుప్పుపట్టిన గంగాళములను, విరిగిన ఊయలబల్లను దింపినచో చాలినంత చోటు బయటపడును. మన యిండ్లలో ఆ పనియే కష్టము!

ఇక తేమ మాట. 1902లో అమెరికాయందలి బ్రూక్లినులో ఒక ముద్రణాలయమున కాగితము తేమచే సాగి రంగులు తప్పుచుండగా, ఆ తేమను తీయుటకే విలిస్ కేరియర్ తన యంత్రమును రూపొందించెను. ఈ యంత్రము గాలినుండి తీసిన నీరు వాలుగానున్న గొట్టము ద్వారా పెరటిలోనికి పోవలెను. రేకు గొట్టమును చుట్టిన పొర ఎక్కడైన చిరిగినచో చన్నీటి చెంబునకు చెమట పట్టినట్లు దానికిని నీరు పట్టి అటకబల్లపై బొట్లుబొట్లుగా పడును. కొన్నాళ్ళకు కఱ్ఱ చివికి చెదలు చేరును. ఎలుకలు ఆ పొరను కొఱుకును గావున వర్షాకాలమునకు ముందొకమారు అటకయెక్కి చూడవలెను.

గదిలోనికి వచ్చిన గాలి మరల యంత్రమునకు చేరుటకును దారి యుండవలెను. మామూలు ఇండ్లలో తలుపు పైనున్న జాలీ చాలును. మండువా ఆకాశమునకు తెఱచియుండును గదా. వసారాలోనికి వచ్చిన చల్లగాలి మరల రాదు. కావున ప్రతి గదికిని తిరుగు గొట్టము ప్రత్యేకముగా వేయింపవలెను. దీని ఖర్చు లెక్కలో చేర్చక పనికి పూనుకొనువారు పలువురు. ఇది భరింపలేనివారు రెండు గదులకు విడి యంత్రములు పెట్టుకొనుటయే మంచిది.

తిరుగమోత ఘాటు ఇల్లంతయు వ్యాపించునని వంటయింటి గాలిని తిరుగు గొట్టములో కలుపరు. అది సబబే. అయితే ఆ సాకున వంటయింటిని పటమునుండియే తొలగించుట న్యాయము కాదు. పొయ్యియెదుట గంటలకొలది నిలుచువారి కన్న చల్లదనము ఎవరికి కావలెను? పొయ్యిపైన పొగను బయటికి లాగు పంకా నొకటి పెట్టించి, ప్రక్క భోజనశాలలో చల్లగాలి వచ్చు ద్వారమును వంటయింటి గుమ్మమువైపు త్రిప్పించిన, ఆ గాలి కొంత వంటయింటి మీదుగా పోవును. కూరలు తరుగుట, పిండి కలుపుట భోజనశాలలోనే కానీయవచ్చును. పటము గీయునాడే ఈ సంగతి ఇంజనీరుతో చెప్పవలెను. అటకబల్లలు మూసిన పిమ్మట అతడు వినడు.