తొంభై రోజులు అయిపోయాక? నిరుద్యోగ భృతి ‘పొడిగింపు’ మన దగ్గర ఎవరికి అందుతోంది

సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన నీళ్లు కనిపిస్తాయి. పక్షులను చూడటానికి వచ్చేవాళ్లకు అదొక చిత్తడి నేల. అక్కడివాళ్లకు మాత్రం అవి ఒకప్పటి పొలాలు. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల సుమారు మీటరు మేర కుంగింది. సునామీ అల వెనక్కి పోయింది కానీ, పోటు నీళ్లు పొలాల్లోకి వస్తూనే ఉన్నాయి. సాయానికి ఒక చివరి తేదీ ఉంది. నష్టానికి లేదు.

నిరుద్యోగ భృతి విషయంలోనూ చిక్కు ఇదే. ఉద్యోగం పోయిన మనిషికి ఇన్ని రోజులని లెక్కగట్టి డబ్బు ఇస్తారు. ఆ రోజులు అయిపోతాయి, ఉద్యోగం మాత్రం దొరకదు. అప్పుడేం చేయాలి? కొన్ని దేశాలు దీనికి చట్టంలోనే జవాబు రాసుకున్నాయి. మన దగ్గర ‘పొడిగింపు’ అనే మాట తరచూ వినిపిస్తుంది కానీ, ఏది పొడిగిస్తున్నారో చూడాలి.

ఇది తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతానికి పైనే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, నిర్మాణ పనులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అనేకం. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల చాలామందికి పర్యాటకమే తిండి పెడుతోంది. 2020 మార్చిలో అది ఒక్కసారిగా ఆగిపోయింది.

ఉన్నవి రెండు పథకాలు

కార్మిక రాజ్య బీమా సంస్థ, అంటే ఈఎస్ఐ, ఉద్యోగం పోయినవారికి రెండు పథకాలు నడుపుతోంది. ఈఎస్ఐ సాధారణంగా పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. నెల జీతం రూ.21,000 లోపు ఉండాలి. జీతంలో 0.75 శాతం కార్మికుడు, 3.25 శాతం యజమాని చందాగా కడతారు.

మొదటిది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. 2005 ఏప్రిల్ 1న మొదలైంది. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా, పనితో సంబంధం లేని ప్రమాదంలో కనీసం 40 శాతం శాశ్వత వైకల్యం వచ్చినా భృతి ఇస్తారు. మొదట్లో ఇది ఆరు నెలలే. తర్వాత ఏడాదికి, ఆపైన రెండేళ్లకు పెంచారు. మొదటి 12 నెలలు జీతంలో సగం, తర్వాతి 12 నెలలు పావు వంతు. ఆ కాలంలో కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా ఉంటుంది.

రెండోది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జూలై 1న రెండేళ్ల ప్రయోగంగా మొదలుపెట్టారు. సగటు రోజు సంపాదనలో 25 శాతం, గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారే. కరోనా రావడంతో 2020 మార్చి 24 నుంచి దాన్ని 50 శాతం చేశారు. ఉద్యోగం పోయాక 90 రోజులు ఆగనక్కర్లేకుండా 30 రోజులకే దరఖాస్తు చేసుకోనిచ్చారు. యజమాని ద్వారా కాకుండా కార్మికుడే నేరుగా ఇవ్వవచ్చన్నారు.

ఒకే మాట, రెండు అర్థాలు

అటల్ పథకం గడువును 2021 జూన్ 30 వరకు, తర్వాత 2022 జూన్ 30 వరకు, ఆపైన కూడా పెంచుతూ వచ్చారు. ప్రతిసారీ ‘నిరుద్యోగ భృతి పొడిగింపు’ అని వార్తలు వచ్చాయి. పొడిగించింది పథకాన్ని. కార్మికుడికి వచ్చే రోజులను కాదు. 2020లో 90 రోజులూ వాడేసుకున్న మనిషికి ఆ తర్వాతి ఏ పొడిగింపూ ఒక్క రోజు కలపలేదు.

రోజులు పెరిగింది రాజీవ్ గాంధీ పథకంలో. కానీ దాని గుమ్మం ఇరుకు. కాంట్రాక్టు గడువు ముగిసి, మళ్లీ తీసుకోకపోతే చట్టం దృష్టిలో అది రిట్రెంచ్‌మెంట్ కాదు. హోటళ్లలో, పడవల దగ్గర, నిర్మాణంలో ఉద్యోగాలు ఎక్కువగా పోయేది ఇలాగే. ‘రేపటి నుంచి రావద్దు’ అన్న ఒక్క ఫోన్ కాల్‌కు రిట్రెంచ్‌మెంట్ కాగితం ఉండదు. పెద్ద రక్షణ చిన్న గుంపుకు, చిన్న రక్షణ పెద్ద గుంపుకు అన్నట్టు తయారైంది.

ఆ చిన్న రక్షణ ఎంత? నెలకు రూ.15,000 జీతమైతే రోజుకు రూ.500. అందులో సగం రూ.250. 90 రోజులకు రూ.22,500. జీవితం మొత్తానికి అంతే.

సీజను పనివాడి లెక్క

అటల్ పథకానికి రెండేళ్ల బీమా ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం పోవడానికి ముందరి చందా కాలంలో కనీసం 78 రోజులు, అంతకు ముందు మూడు చందా కాలాల్లో ఏదో ఒకదాంట్లో మరో 78 రోజులు చందా కట్టి ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి.

అండమాన్‌లో పర్యాటకుల రద్దీ వానలు వెలిశాక మొదలై వేసవి దాకా ఉంటుంది. ఏటా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఈఎస్ఐ ఉన్న హోటల్లో పనిచేసే ఒకరిని ఊహించుకుందాం. రెండేళ్ల షరతు ఆయన దాటాడనే అనుకుందాం. మేలో ఉద్యోగం పోతే ముందరి చందా కాలం నిండుగా ఉంటుంది, భృతి వస్తుంది. అదే నవంబరులో పోతే ముందరి కాలంలో ఉన్నది ఏప్రిల్ ఒక్కటే. 78 రోజులు రావు. మనిషి అతడే, చందా కట్టిన ఏళ్లూ అవే. నెల మారితే హక్కు పోతుంది.

అమెరికాలో ఎలా

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మామూలు భృతి 26 వారాలు. అది అయిపోయినవారికి 13 వారాలు, కొన్ని పరిస్థితుల్లో 20 వారాలు అదనంగా ఇచ్చే ఏర్పాటు 1970 చట్టంలోనే ఉంది. రాష్ట్రంలో బీమా ఉన్న కార్మికుల్లో నిరుద్యోగం 5 శాతానికి చేరి, గత రెండేళ్ల అదే కాలపు సగటుకు 120 శాతం ఉంటే అది అమల్లోకి వస్తుంది. కరోనాలో దీనికి తోడు మరో పథకం పెట్టి 13 వారాలను 24కు, తర్వాత 53కు పెంచారు. 2021 సెప్టెంబరు మొదటి వారంలో ఆపేశారు.

అక్కడా అందరికీ అందదు. ఉద్యోగం పోయిన హెచ్1బీ వీసాదారుకు సాధారణంగా దొరికేది 60 రోజుల వ్యవధి మాత్రమే. అయినా అక్కడి తర్కం గమనించదగ్గది. ఉద్యోగాలు తగ్గినప్పుడు వెతుకులాట ఎక్కువ కాలం పడుతుంది, అది వెతికేవాడి తప్పు కాదు. అందుకని పొడిగింపును మంత్రుల దయకు వదలకుండా నిరుద్యోగ రేటుకు కట్టేశారు.

మన ఈఎస్ఐ 1948 చట్టంతో మొదలైంది. జబ్బు, ప్రసూతి, వైకల్యం, ఆధారపడినవారి పింఛను, వైద్యం, అంత్యక్రియల ఖర్చు అందులో హక్కులుగా ఉన్నాయి. నిరుద్యోగం ఆ జాబితాలో లేదు. అందుకే అటల్ పథకం గడువు దగ్గరపడినప్పుడల్లా మళ్లీ నిర్ణయం కోసం ఎదురుచూడాలి.

మిగిలిన దారులు

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలో పునఃశిక్షణ నిధి ఉంది. రిట్రెంచ్ అయిన కార్మికుడి ఖాతాలో 45 రోజుల్లోపు 15 రోజుల జీతం వేయాలి. ఇక్కడా మాట ‘రిట్రెంచ్’ దగ్గరే ఆగింది. పీఎఫ్ తీసుకోవచ్చు, కానీ అది తన ముసలితనం నుంచి తానే అప్పు తెచ్చుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం చదువుకుని ఉద్యోగం దొరకని యువతకు ఉద్దేశించింది. ఉన్న ఉద్యోగం పోయిన నలభై ఏళ్ల మనిషికి కాదు. పైగా 2019లో ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది.

మార్చాల్సినవి మూడు కనిపిస్తాయి. భృతిని చట్టంలో హక్కుగా రాయడం. ‘జీవితంలో ఒక్కసారి’ తీసేసి, కొత్తగా చందా కట్టినకొద్దీ రోజులు మళ్లీ జమయ్యేలా చేయడం. ఒక జిల్లా, ఒక రంగం మొత్తంగా దెబ్బతిన్నప్పుడు రోజులు వాటంతట అవే పెరిగేలా చూడటం. చందాను పన్నెండు నెలల మీద లెక్కేస్తే సీజను పనివారి ఇబ్బంది కూడా చాలావరకు తీరుతుంది.

ఈలోగా ఉద్యోగంలో ఉన్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉందో లేదో, ఆ నంబరుకు ఆధార్, బ్యాంకు ఖాతా జతయ్యాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. ఉద్యోగం పోతే పథకం ఆ తేదీకి అమల్లో ఉందో కనుక్కుని 30 రోజులు దాటగానే దరఖాస్తు పెట్టాలి. తొంభై రోజులు తక్కువే. అవి కూడా అడిగినవారికే వస్తాయి.